నిప్పుబాణము నుండి నింగినావ వరకు



నేటి ప్రసంగమునకు విషయము రాకెట్టు. అది యెట్లు పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, ఏ శక్తిచే ఆకాశమున పోవుచున్నది, ఇకముందు మానవుని ఎంతదూరము కొనిపోగలదు అను నాలుగు సంగతులను క్రమముగా మనవి చేయుదును. ఇది పట్టణములలోని యంత్రశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందిన విషయమని తాము తలంపవలదు. ఈ కథలో మొదటి గొప్ప ఘట్టము మన దక్షిణాపథముననే జరిగినది. నేటి ఘట్టము మన తెలుగునేలమీదనే, పులికాటు సరస్సునకు ఆవలి యొడ్డున జరుగుచున్నది. నడుమ నున్న ఘట్టములు మాత్రము రష్యా, అమెరికా, జర్మనీ దేశములలో నడచినవి.

ఈ చరిత్ర వినుచున్నంతసేపును ఒక ప్రశ్నను మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన. పొయ్యిలోని నిప్పు అన్నము వండును; అదియే చూరునకెక్కిన కొంపను కాల్చును. రాకెట్టులోని నిప్పును అట్టిదే. అది మనుష్యుని మీదికి వేయు అస్త్రమా, లేక మనుష్యుని మోయు వాహనమా? రెండు వందల యేండ్లకు పైగా ఈ ప్రశ్న తేలకయే యున్నది.

మొదట ఆ వస్తువు స్వభావము నెఱుగుట మంచిది. పండుగదినములలో పిల్లలు కాల్చు తారాజువ్వను తాము చూచినవారే. దాని గొట్టములోని మందు మండి వేడివాయువుగా మారి క్రిందిద్వారమున వడిగా వెడలును. జువ్వ మీదికి లేచును. ఇందలి ధర్మమును ఇంగ్లండు దేశపు విద్వాంసుడగు న్యూటను 1687వ సంవత్సరమున తన గ్రంథమున సూత్రీకరించెను. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య ఎదురుదిక్కున కలుగునని దాని తాత్పర్యము. నిలుకడగా నున్న చెఱువులో ఒక పడవయందు రాళ్లకుప్పతో ఒకడు కూర్చుండి యున్నాడనుకొందము. తెడ్డు లేదు, గడ లేదు. అతడు ఒక్కొక్క రాతిని వెనుకకు బలముగా విసరినచో పడవ ముందునకు జరుగును. ఎన్ని రాళ్లు విసరిన నంత జరుగును; ఎంత వడిగా విసరిన నంత వేగముగా జరుగును. రాకెట్టు పడవ, వేడివాయువు రాళ్లు. చోదకశక్తినిగూర్చిన శాస్త్రమంతయు ఈ రెండు మాటలలో నిమిడియున్నది: ఎంత విసరవలెను, ఎంత వడిగా విసరవలెను. పడవను ముందునకు త్రోయునది విసరిన రాయియే కాని, ఆ రాయి తగిలిన గాలి కాదు. కావున గాలిలేని శూన్యమునందును రాకెట్టు పోగలదు. ఈ చిన్న సంగతి తెలియక పెద్దపెద్దవారు పొరపడిన కథను ముందు చెప్పెదను.

నల్లమందు చీనాదేశమున పుట్టినది. దానిని గొట్టమున కూరి బాణముగా వేయుటయు అచ్చటనే మొదలైనది. ఆ విద్య ఆసియాఖండమంతట ప్రాకి మన దేశమునకును వచ్చెను. మొగలాయి సేనలలోను, మహారాష్ట్ర సేనలలోను దీనిని బాణ మనియే పిలిచెడివారు. మనము వేడుకలయందు కాల్చువానిని నేటికిని బాణసంచా యనుచున్నాము. వింటితో పని లేకున్నను బాణమను పేరు మాత్రము నిలిచినది.

ఈ బాణమునకు నిజమైన బలము చేకూర్చినవారు మైసూరు నేలిన హైదరాలియు, అతని కుమారుడు టిప్పుసుల్తానును. అంతకుమునుపు గొట్టములను కాగితముతోనో, వెదురుతోనో చేసెడివారు. మందు దట్టించి కూరినచో అవి పగిలిపోయెడివి. మైసూరువారు ఇనుపగొట్టములు చేయించిరి. ఇనుము ఒత్తిడికి తాళును గనుక మందును గట్టిగా దట్టింపవచ్చును; వాయువు మఱింత వడిగా వెడలును. పడవలోనివాడు రాతిని బలముగా విసరుట యనగా నిదియే. ఆ గొట్టమును పొడుగైన వెదురుబద్దకు కట్టి విడిచెడివారు. కొన్నిటికి కత్తులను గూడ కట్టెడివారు.

1780వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురమునకు సమీపమున పొల్లిలూరు వద్ద గొప్ప యుద్ధము జరిగినది. కర్నల్ బెయిలీ నడపుచున్న ఆంగ్లసేనను హైదరు, టిప్పులు చుట్టుముట్టిరి. ఆంగ్లేయుల మందుగుండు బండ్లు అంటుకొని ప్రేలిపోయినవి. అందులకు మైసూరు బాణములే కారణమని చెప్పుదురు. బెయిలీ బందీ యయ్యెను. శ్రీరంగపట్టణమున దరియా దౌలతు అను తోటలోని మందిరముగోడలమీద ఈ యుద్ధచిత్రమును నేటికిని చూడవచ్చును. శివమొగ్గ మండలమున నగర అను గ్రామమునందు ఒక పాడుబావిని త్రవ్వగా 2018వ సంవత్సరమున ఆ కాలపు ఇనుపబాణములు వేయికి పైగా బయల్పడినవి. ఇది కట్టుకథ కాదనుటకు ఆ త్రుప్పుపట్టిన ఇనుమే సాక్ష్యము.

1799వ సంవత్సరము మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పు యుద్ధమున మరణించెను. విజేతలు అచ్చట దొరకిన బాణములను ఇంగ్లండునకు పంపిరి. ఊల్విచ్ ఆయుధశాలయందు విలియం కాంగ్రీవు అను నాతడు వానిని పరీక్షించి, మందు పాళ్లను సవరించి, క్రొత్తరకపు రాకెట్లను నిర్మించెను. 1807వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగను నగరముపై వానిని ప్రయోగింపగా నగరమున చాలభాగము తగులబడెను. 1814వ సంవత్సరమున అమెరికావారి బాల్టిమోరు కోటపై ప్రయోగించిరి. ఆ రాత్రి రాకెట్ల యెఱ్ఱని వెలుగు అమెరికా జాతీయగీతమున నేటికిని ప్రస్తావింపబడుచున్నది. ఆ గీతము పాడువారిలో ఎందఱికి ఆ వెలుగునకు మూలము మైసూరు కొలిమియని తెలియును?

పిమ్మట ఫిరంగుల గుఱి బాగుపడుటచే రాకెట్టునకు యుద్ధమున ప్రాముఖ్యము తగ్గెను. దానిని వాహనముగా తలపోసిన మహనీయుడు సేనాపతి కాడు, రాజు కాడు. ఆయన రష్యాదేశమున ఒక చిన్న పట్టణములోని బడిపంతులు. పేరు కాన్‌స్టాంటిన్ సియల్కోవ్‌స్కీ.

ఈయన 1857వ సంవత్సరమున జన్మించెను. పదియేండ్ల ప్రాయమున జ్వరము వచ్చి వినికిడి చాలవఱకు పోయినది. బడిలో చదువు సాగలేదు. గ్రంథాలయములలోని పుస్తకములను తానే చదువుకొని ఉపాధ్యాయు డయ్యెను. కాలూగా పట్టణమున పిల్లలకు లెక్కలు చెప్పుచు, చాలీచాలని జీతములో మిగిల్చి పరికరములు కొనుచు, రాత్రులయందు ఆకాశయానమునుగూర్చి గణితము వేయుచుండెడివాడు. నలుబది యేండ్లు బడిలో సుద్దముక్క పట్టినవాడను గనుక ఈయన పేరు చెప్పునపుడు నాకు కొంచెము గర్వము కలుగుట సహజము. శ్రోతలు మన్నింతురు గాక.

1903వ సంవత్సరమున ఆయన ప్రకటించిన వ్యాసమున రాకెట్టుగణితమునకు మూలసూత్రము కలదు. దానిని మన పల్లెభాషలో చెప్పుటకు యత్నించెదను. ఒక రైతు ఎడ్లబండి కట్టుకొని కాశికి బయలుదేరినాడు. త్రోవలో గడ్డిపరక దొరకదు. కావున మేత అంతయు బండిమీదనే వేసికొనవలెను. మేత యెక్కువైన బరువెక్కువ. బరువెక్కువైన మఱియొక జత ఎడ్లు కావలెను. వానికి మఱింత మేత కావలెను. ఈ విధముగా చివరకు బండి యంతయు మేతయే యగును, ఎక్కి కూర్చుండుటకు జానెడు చోటు మిగులును. రాకెట్టు పని యిట్టిదే. దారిలో దొరకునది ఏమియు లేదు. మండుటకు వలయు ఆమ్లజనిని గూడ వెంట తీసికొని పోవలెను.

లెక్కకు ఒక ఉదాహరణము. భూమి చుట్టును పడిపోకుండ తిరుగుటకు సెకండునకు సుమారు 8 కిలోమీటర్ల వేగము కావలెను. గాలి యడ్డును, భూమ్యాకర్షణచే కలుగు నష్టమును విడిచిపెట్టి చూతము. వాయువు సెకండునకు 1 కిలోమీటరు వేగముతో మాత్రమే వెడలినచో, చివరకు మిగులు ప్రతి కిలో బరువునకును మొదట 3,000 కిలోల బరువుతో బయలుదేరవలెను. నల్లమందుతో చేసిన జువ్వకు ఆ పాటి వేగము గూడ కష్టమే. కిరసనాయిలును ఆమ్లజనితో మండించి 3 కిలోమీటర్ల వేగమును తెచ్చినచో 3,000 కిలోలకు బదులు సుమారు 14 కిలోలు చాలును. ఉదజనిని ఆమ్లజనితో మండించి 4.4 కిలోమీటర్ల వేగమును సాధించినచో 6 కిలోలే చాలును! రాతిని మూడునాలుగు రెట్లు వడిగా విసరుటవలన కలిగిన లాభ మెంతటిదో చూచితిరా? ఈ లెక్కచేతనే సియల్కోవ్‌స్కీ, నల్లమందును విడిచి, ద్రవరూపమున నున్న ఉదజనిని, ఆమ్లజనిని వాడవలెనని 1903వ సంవత్సరముననే చెప్పెను. పిమ్మట, ఖాళీయైన బానలను మోయుట వ్యర్థము గనుక రాకెట్టును అంచెలుగా కట్టి, పని తీరిన యంచెను జాఱవిడువవలెనని వివరించెను. ఆయన 1935వ సంవత్సరమున స్వర్గస్థు డయ్యెను. తన జీవితకాలమున ఒక్క రాకెట్టునైన ఆకాశమునకు పంపలేదు. పంపినవారందఱును ఆయన లెక్కనే చేసిరి.

అమెరికాలో రాబర్టు గాడర్డు అను ఆచార్యుడు స్వతంత్రముగా ఇదే దారిని నడచెను. రాకెట్టుతో చంద్రుని చేరవచ్చునని ఈయన వ్రాయగా, 1920వ సంవత్సరము జనవరిలో న్యూయార్కు టైమ్సు అను పత్రిక ఆయనను ఎగతాళి చేసెను. శూన్యమున త్రోయుటకు గాలి లేదు గదా, ఈ పాటి సంగతి హైస్కూలు పిల్లలకు గూడ తెలియును గదా యని ఆ యెగతాళి సారాంశము. పడవయు రాళ్లయు మఱచిన ఫలమిది! గాడర్డు మాఱుపలుకక పనిచేసికొనుచు పోయెను. 1926వ సంవత్సరము మార్చి 16వ తేదీన, మంచు కప్పిన ఒక పొలమున, ద్రవేంధనముతో నడచిన మొదటి రాకెట్టును ఎగురవేసెను. అది రెండున్నర సెకండ్లు ఎగిరి, 41 అడుగుల యెత్తునకు పోయి, 184 అడుగుల దూరమున ఒక క్యాబేజీమడిలో పడెను. తాటిచెట్టంత యెత్తైనను లేవలేదు. కాని నేటి మహారాకెట్లకు అదియే ఆదిపురుషుడు. 1969వ సంవత్సరమున మనుష్యులు చంద్రునివైపు పయనమైన మరునాడు ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకొని సవరణ ప్రకటించెను. అప్పటికి గాడర్డు మరణించి దాదాపు 24 ఏండ్లయినది.

ఇక జర్మనీదేశపు ఘట్టము. ఇది ఈ చరిత్రలోని చీకటి యధ్యాయము. హెర్మన్ ఓబెర్తు 1923వ సంవత్సరమున వ్రాసిన గ్రంథమును చదివి అచ్చటి యువకులు చంద్రలోకయాత్రను కలలు గనుచు సంఘముగా నేర్పడిరి. వారిలో వెర్నెర్ ఫాన్ బ్రౌన్ ఒకడు. ప్రయోగములకు ధనము కావలెను. ధనము సైన్యమువారి యొద్ద నున్నది. చంద్రునికై బయలుదేరిన విద్య దండుదారి పట్టినది. పీనెమ్యుండే యను సముద్రతీరమున 1942వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన వీ-2 అను రాకెట్టు జయప్రదముగా ఎగిరెను. అది 14 మీటర్ల పొడుగు గలది. సారాయమును ద్రవ ఆమ్లజనితో మండించుకొని 300 కిలోమీటర్ల దూరము పోగలిగినది. 1944వ సంవత్సరము సెప్టెంబరు మొదలు లండను మున్నగు నగరములపై పడి వేలకొలది జనులను చంపినది. శబ్దముకంటె వేగముగా వచ్చుటచే పడిన పిదపగాని దాని మ్రోత వినబడదు.

అంతకంటె ఘోరమొకటి కలదు. ఈ రాకెట్లను నార్డ్‌హౌసెను సమీపమున కొండసొరంగములలో ఖైదీలచేత నిర్బంధముగా చేయించిరి. డోరా శిబిరమున ఆకలిచేతను, రోగములచేతను, దెబ్బలచేతను, ఉరిచేతను సుమారు 20,000 మంది ప్రాణములు విడిచిరి. ఆ యస్త్రము తాకి చచ్చినవారికంటె దానిని చేయుచు చచ్చినవారే యధికులని చరిత్రకారులు చెప్పుదురు. యుద్ధానంతరము ఫాన్ బ్రౌన్ అమెరికా చేరి చంద్రయాత్రకు రథము కట్టినవా డయ్యెను. ఆ ఘనతను చెప్పునపుడు ఈ సొరంగమును చెప్పకుండుట న్యాయము కాదు. విద్య యెంత గొప్పదైనను, దానిని ఎవరి చెమటతో, ఎవరి నెత్తుటితో సాధించిరో అడిగి తెలిసికొనుట చరిత్ర చదువువాని ధర్మము.

రష్యాలోను ఇట్టి విపరీతమే జరిగినది. సెర్గీ కొరొల్యోవు అను ప్రతిభావంతుడైన యంత్రశాస్త్రజ్ఞుని, చేయని నేరము మోపి 1938వ సంవత్సరమున నిర్బంధించి, సైబీరియాలోని కొలీమా బంగారుగనులకు పంపిరి. పండ్లు రాలి, ఆరోగ్యము చెడి, ప్రాణములతో మాత్రము బయటపడెను. ఆయనయే పిమ్మట ఆ దేశపు మహారాకెట్టును నిర్మించెను. 1957వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన స్పుత్నిక్ అను 83.6 కిలోల చిన్న గోళము, మానవుడు చేసిన మొదటి ఉపగ్రహముగా, భూమిని చుట్టి తిరిగినది. 1961వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన యూరీ గగారిను 108 నిమిషములలో భూప్రదక్షిణము చేసివచ్చెను. గగారిను పేరు లోకమంతట మ్రోగినది. కొరొల్యోవు పేరు మాత్రము 1966వ సంవత్సరమున ఆయన మరణించు వఱకు ప్రభుత్వము రహస్యముగా నుంచినది.

ఉపగ్రహము పడిపోకుండ ఎట్లు నిలుచునని కొందఱడుగుదురు. మన పురాణములలో త్రిశంకుడు నింగికిని నేలకును నడుమ విశ్వామిత్రుని తపోబలముచే నిలిచెనని వినుచున్నాము. ఉపగ్రహమునకు అట్టి ఆధారము లేదు. అది నిరంతరము పడుచునే యున్నది. కాని అడ్డముగా సెకండునకు దాదాపు 8 కిలోమీటర్ల వేగముతో పోవుచుండుటచే, అది ఎంత క్రిందికి పడునో గుండ్రని భూమియు అంత క్రిందికి వంగిపోవును. పడుటయే కాని నేల తగులుట లేదు.

1969వ సంవత్సరము జూలై 16వ తేదీన సాటర్న్-5 అను రాకెట్టు ముగ్గురు అమెరికావారిని చంద్రునివైపు కొనిపోయెను. 20వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిన్ అనువారు చంద్రునిపై దిగిరి. ఆ రాకెట్టు 110 మీటర్ల యెత్తుగలది; బయలుదేరునపుడు దాని బరువు దాదాపు 2,900 టన్నులు. తిరిగివచ్చి సముద్రమున పడిన గది బరువు 5 టన్నులు. కాశీబండి కథలోని జానెడు చోటు ఇదియే! సియల్కోవ్‌స్కీ పంతులుగారి లెక్క ఎంత కఠినమైనదో దీనినిబట్టి తెలియగలదు.

ఇక మన దేశపు సంగతి. 1963వ సంవత్సరము నవంబరు 21వ తేదీన, కేరళతీరమున తుంబా అను జాలరిపల్లెనుండి మన మొదటి పరిశోధక రాకెట్టు లేచినది. రాకెట్టు అమెరికాది. కార్యశాల, ఊరివారు ఒప్పి యిచ్చిన మేరీ మగ్దలీనా దేవాలయము. సామగ్రిని సైకిలుమీద పెట్టుకొని నడిపించుకొని పోయిరి. దీనికంతకును సూత్రధారి విక్రం సారాభాయి. ఆ పనివారిలో నొకడగు అబ్దుల్ కలాం శిక్షణకై అమెరికా వెళ్లినపుడు అచ్చటి కేంద్రపు గోడమీద ఒక చిత్రపటమును చూచినట్లు తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. అది ఆంగ్లసేనపై టిప్పుసుల్తాను దళములు బాణములు విడుచు చిత్రము. స్వదేశమున మఱవబడిన సంగతిని పరదేశపు గోడ జ్ఞాపకము చేసినది.

ఉపగ్రహములను పంపుటకు తూర్పున సముద్రము గల చోటు కావలెను. భూమి పడమటనుండి తూర్పునకు తిరుగుచున్నదని ఆర్యభటుడు పదునైదు వందల యేండ్లక్రిందటనే చెప్పెను. ఆ తిరుగుడుచేత శ్రీహరికోటవంటి ప్రదేశము సెకండునకు సుమారు 450 మీటర్ల వేగముతో తూర్పునకు పోవుచునే యున్నది. తూర్పునకు విడిచిన రాకెట్టునకు ఆ వేగము ఊరక లభించును. విఫలమైనను సముద్రముననే పడును. కావున సూళ్లూరుపేటకు తూర్పున, పులికాటునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోటదీవిని 1969వ సంవత్సరమున ఎన్నుకొనిరి. తరతరములుగా ఆ యడవిలో బ్రతుకుచుండిన యానాదుల గుడిసెలను అచ్చటినుండి తరలించిరి. దేశమునకు కీర్తి వచ్చినపుడు, దానికై తమ చోటు విడిచిన ఆ పేదల మాటయు చరిత్రలో నొక పంక్తిగా నుండవలెను.

1971వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోటనుండి మొదటి చిన్నరాకెట్టు ఎగిరెను. 1979వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను నాలుగంచెల రాకెట్టును విడువగా రెండవయంచెలో నియంత్రణము చెడి, అయిదు నిమిషములకు పైచిలుకు కాలములో సముద్రమున పడినది. ఆ దినమున సంస్థాధిపతియగు సతీశ్ ధావన్ పత్రికలవారి యెదుట వైఫల్యభారమును తానే వహించెను. మరుసటి సంవత్సరము జూలై 18వ తేదీన అదే జాతి రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలుపగా, ధావన్ తాను వెనుకకు తొలగి, విలేఖరులతో మాటలాడుటకు కలామును పంపెను. ఓటమికి యజమాని ముందు నిలుచుట, గెలుపునకు పనివారిని ముందుంచుట: ఊరిపెద్దరికము చేయువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

పిమ్మటి కష్టము ఉదజని యంత్రమునుగూర్చినది. ద్రవ ఉదజని సున్నకు 253 డిగ్రీలు క్రిందనుండు చలువగలది. ద్రవ ఆమ్లజని 183 డిగ్రీలు క్రిందిది. అంత చలువలో లోహము పెళుసెక్కును. కన్నులకు కానరాని సందునుండియు ఉదజని కాఱిపోవును. ఆ శీతలమునకు అంగుళముల దూరముననే మహాగ్ని మండవలెను. ఈ విద్యను రష్యానుండి కొనుటకు 1991వ సంవత్సరమున ఒప్పందము జరిగెను గాని, అమెరికావారి యొత్తిడిచేత 1993వ సంవత్సరమున రష్యా విద్య నిచ్చుట మాని యంత్రములను మాత్రమే యిచ్చినది. మనవారు సొంతముగా పూనుకొనిరి. 2010వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన తొలి యత్నము విఫలమయ్యెను. 2013వ సంవత్సరము ఆగస్టున ప్రయోగమునకు గంటకు పైగా వ్యవధి యుండగా ఇంధనము కాఱుట కనుగొని ఆపివేసిరి. 2014వ సంవత్సరము జనవరి 5వ తేదీన ఫలము సిద్ధించెను. ఒక్క యంత్రమునకై యిరువది యేండ్ల తపస్సు!

ఆ సంవత్సరముననే మంగళయాన్ నౌక అంగారకుని చేరినది. 2013వ సంవత్సరము నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి వెడలిన ఆ నౌకయందలి ముఖ్యయంత్రము త్రోపు 440 న్యూటనులు. అనగా సుమారు 45 కిలోల బరువును ఎత్తునంతటి బలము. ఒక చిన్న బియ్యపుబస్తా బరువు! తొందరపడక, భూమిచుట్టును ప్రదక్షిణములు చేయుచు, ప్రతి చుట్టునను కొంచెము కొంచెముగా వేగము కూడబెట్టుకొని, డిసెంబరు 1వ తేదీన భూమిని విడిచినది. దారిలో సుమారు 300 దినములు నిదురించిన ఆ యంత్రము 2014వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన మరల మేల్కొని, నౌకవేగమును తగ్గించి, అంగారకుని కక్ష్యలో నిలిపినది. 2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువమునకు చేరువగా మెల్లగా దిగినది.

అన్నమునకు కొఱతగా నున్న దేశమున ఆకాశయాన మేల యని ధర్మముగా అడుగువారు కలరు. వారికి దివిసీమను గుర్తుచేయుదును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన కృష్ణాతీరపు గ్రామములను ముంచివైచినది; పదివేలమందికి తక్కువ కాకుండ పోయిరని లెక్క. ఆనాడు మేఘముల నడకను పైనుండి చూచి చెప్పు సొంత ఉపగ్రహము మనకు లేదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు దాని రాకను ఉపగ్రహములు దినములముందే చూపినవి. తీరవాసులను లక్షలసంఖ్యలో తరలించిరి. చెట్లు కూలినవి, ఇండ్లు పడినవి. ప్రాణనష్టము మాత్రము దివిసీమతో పోల్చదగినది కాదు. రాకెట్టు మోసికొనిపోయిన కన్ను, తల్లికి బిడ్డను దక్కించినది. అస్త్రమా వాహనమా యన్న ప్రశ్నకు ఇది యొక సమాధానము.

అయినను ఈ మార్గమున ప్రాణములర్పించినవారిని మఱువరాదు. 1986వ సంవత్సరము జనవరి 28వ తేదీన అమెరికావారి చాలెంజరు నౌక చలికి బిగిసిన ఒక రబ్బరుకట్టుచేత నాశనమై, క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయురాలితో గూడ ఏడుగురు మరణించిరి. 2003వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌక మరలివచ్చుచు ముక్కలై, మన హర్యానాలో పుట్టిన కల్పనా చావ్లాయు, తోడి యార్గురును నేలకు చేరలేదు. 2004వ సంవత్సరము ఫిబ్రవరిలో శ్రీహరికోట ఇంధనశాలయందలి ప్రమాదమున ఆరుగురు బలియైరి.

ఇక భవిష్యత్తు. మందు మండించి పొందగల వేగమునకు హద్దు దాదాపు చేరితిమి. ఉదజనిని మించి చాలదూరము పోలేము. అందుచే రాతిని మఱియొక విధముగా విసరవలెను. జెనాన్ అను వాయువునకు విద్యుదావేశము కలిగించి, సెకండునకు 30 కిలోమీటర్ల వేగముతో విసరు యంత్రములు వచ్చినవి. వీని త్రోపు మిక్కిలి స్వల్పము: అఱచేతిలోని కాగితపుముక్క బరువంత! కాని శూన్యమున ఎదురులేదు గనుక, నెలలు, సంవత్సరములు అట్లే త్రోయగా వేగము కొండవలె పెరుగును. 2007వ సంవత్సరమున పంపబడిన డాన్ నౌక ఈ బలముతోనే వెస్టా, సిరీసు అను రెండు చిన్నలోకములను ఒకదాని తరువాత నొకటి చుట్టి తిరిగినది. చీమ సామెత మనవారికి తెలిసినదే గదా. జపానువారు 2010వ సంవత్సరమున ఇకారోస్ అను నౌకకు 14 మీటర్ల చదరపు తెరచాపను విప్పి, సూర్యకాంతి త్రోపుచేతనే నడిపిరి. ఆ చాప తలవెండ్రుకకంటె పలుచనిది. విసరుటకు రాయియే అక్కఱలేని పడవ యిది. అణుశక్తితో ఉదజనిని కాచి విడుచు యంత్రములను అమెరికావారు 1960 తరువాతి సంవత్సరములలో నేలమీద పరీక్షించి, 1973వ సంవత్సరమున ఆ పని నిలిపివేసిరి. ఒకమాఱు వాడిన రాకెట్టు అంచెను నేలకు దింపుట 2015వ సంవత్సరము డిసెంబరునను, దానిని మరల వాడుట 2017వ సంవత్సరమునను సాధ్యమైనవి. బండిని ప్రతి ప్రయాణమునకును తగులబెట్టుట మానితి మన్నమాట.

ఈ విద్యలచేత అంగారకయాత్ర సాధ్యము కావచ్చును. పోవుటకే ఆఱునుండి తొమ్మిది నెలలు పట్టును. నక్షత్రముల మాట వేఱు. 1977వ సంవత్సరమున బయలుదేరిన వాయేజర్-1 సెకండునకు సుమారు 17 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గఱనున్న నక్షత్రమంత దూరము పోవుటకు దానికి డెబ్బదివేల యేండ్లకు పైగా కావలెను. అందుచే రేపో మాపో నక్షత్రలోకములకు పోదుమనువారి మాటలను నమ్మవలదు.

అట్లే పూర్వమే ఇవన్నియు మనకుండినవనువారి మాటను గూడ తూచి గ్రహింపవలెను. పుష్పకవిమానము మహాకావ్యమునకు అలంకారము. దానిని మనము భక్తితో వినవచ్చును. వైమానికశాస్త్రమను పేర నొక గ్రంథము కలదు. బెంగుళూరు విజ్ఞానసంస్థలోని పండితులు 1974వ సంవత్సరమున దానిని పరీక్షించి, అది యిరువదవ శతాబ్దమున కూర్చబడినదనియు, అందు చెప్పిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. సంస్కృతము చదివినవాడనై ఈ మాట చెప్పుచున్నాను. మనకు నిజముగా నున్న ఇనుపబాణముల చరిత్ర, ఆర్యభటుని గణితము చాలినంత గొప్పవి. లేని గొప్పను అరువు తెచ్చుకొనుట ఉన్నవానికి లోటు.

పెద్దలారా! పొల్లిలూరు రణభూమినుండి చంద్రుని దక్షిణధ్రువమువఱకు సాగిన కథను వింటిరి. నిప్పు మాఱలేదు, న్యూటను చెప్పిన ధర్మము మాఱలేదు. ఉపయోగించువాని సంకల్పమే మాఱుచు వచ్చినది. నేటికిని శ్రీహరికోటనుండి ఉపగ్రహమును మోయు రాకెట్టు విద్యయే, మఱియొక చోట ప్రేలుడు మందును మోయుచున్నది. వాహనము చేయుటయా, అస్త్రము చేయుటయా యను నిర్ణయము ఇంధనములో లేదు. ఏలికలలో నున్నది, ఏలికల నెన్నుకొను మీలో నున్నది. మీ మనుమలు మీ యొద్దకు వచ్చి రాకెట్టునుగూర్చి అడిగినపుడు, పడవలోని రాళ్ల కథ చెప్పుడు. కాశీబండి లెక్క చెప్పుడు. దానితోపాటు కొండసొరంగములోని ఖైదీల సంగతియు, గుడిసె విడిచిన యానాదుల సంగతియు, దివిసీమ సంగతియు చెప్పుడు. అప్పుడు గాని ఆ చదువు పూర్తి కాదు.

సెలవు. స్వస్తి.